ఎడమ చేతి పై మూలన మూడు మెనూలు

కంప్యూటరు తెర మీద పాత మెనూను తిరిగి తెచ్చుకోవాలనుకునే వారిని, కంప్యూటర్లు బాగా తెలిసినవారు సాధారణంగా జాలిగా చూస్తారు. కొత్తది నేర్చుకునే ఓపిక లేనివారనీ, వయసు మీద పడినవారనీ, అలవాటుకు లొంగిపోయినవారనీ ఆ చూపుకు అర్థం. ఇన్నాళ్లూ నేను ఆ చూపును పట్టించుకోకుండా నా పని చేసుకుపోయాను. అయితే 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు మామూలు మద్దతు ముగిసిన తరువాత, పాత యంత్రాల మీద విండోస్‌కు బదులుగా నడిచే ఉచిత వ్యవస్థ లినక్స్ వేయించుకోవడానికి వచ్చేవారు పెరిగారు. వారిలో దాదాపు ప్రతి ఒక్కరూ మొదట అడిగేది వేగం గురించి కాదు, భద్రత గురించీ కాదు, "మెనూ మాత్రం పాతదానిలాగే ఉండాలండీ" అని. ఆ కోరికను సమర్థిస్తూ ఎవరైనా వివరంగా రాస్తే బాగుండుననిపించి, చివరికి నేనే రాస్తున్నాను.

యంత్రంలో ఏమేమి ఉన్నాయో, వాటి పేర్లు తెలియనివారికి కూడా చూపించే జాబితాయే మెనూ. దాన్ని తొలగించి, ఖాళీ పెట్టె చూపించి "ఏం కావాలో టైపు చేయండి" అంటే, అంతవరకూ యంత్రం గుర్తుపెట్టుకున్న సంగతులన్నీ మనిషి గుర్తుపెట్టుకోవలసి వస్తుంది. కాబట్టి మెనూను తిరిగి తెచ్చుకోవడం పూర్తిగా న్యాయమైన మరమ్మతు అని నా అభిప్రాయం. ఆ మరమ్మతు ఏ పద్ధతిలో చేయాలన్న విషయంలో మాత్రం, పాత మెనూ అభిమానులతో కూడా నాకు పేచీ ఉంది. దాని గురించి తరువాత చెబుతాను.

నేను చెన్నైలో, షావుకారుపేట ప్రాంతంలోని చిన్న చిన్న టోకు దుకాణాలకు లెక్కలు రాసే పని చేస్తాను. లెక్కలు రాసేవాడికి కంప్యూటరు తెలియకుండా ఎలా ఉంటుందన్న నమ్మకంతో, ఆ దుకాణాల యంత్రాల బాగోగులు కూడా క్రమంగా నా మీదే పడ్డాయి. వాటితోపాటు, పెరంబూరు రైలుపెట్టెల కర్మాగారంలో పనిచేసి రిటైరై విల్లివాక్కంలో ఉంటున్న మా పెద్దనాన్న కంప్యూటరు కూడా నా బాధ్యతే. ఈ వ్యాసంలోని అభిప్రాయాలలో సగం ఆయన కుర్చీ పక్కన నిలబడి ఏర్పరచుకున్నవి.

కొంత చరిత్ర చెప్పుకోవాలి. విండోస్ 3.1లో ప్రోగ్రామ్ మేనేజర్ అనే కిటికీ ఉండేది. దానిలో చిన్న కిటికీలు, వాటిలో ఐకాన్లు ఉండేవి. ఒక కిటికీ మరొకదాని కింద దాగిపోతే, కొత్తవారికి అది మాయమైపోయినట్టే లెక్క. 1995 ఆగస్టు 24న వచ్చిన విండోస్ 95 ఈ చిక్కును తీర్చడానికి తెర కింది మూలన ఒక బొత్తాము పెట్టి, దాని మీద "స్టార్ట్" అని రాసి, పని ఇక్కడ మొదలుపెట్టమని చెప్పింది. ఆ తరువాత లినక్స్ ప్రపంచంలో, గ్నోమ్ అనే డెస్క్‌టాప్ (తెర మీద పట్టీలు, మెనూలు, కిటికీలను నడిపే భాగం) ఉంది; 2002లో మొదలైన దాని గ్నోమ్ 2 శాఖ కొన్నేళ్లలో ఒక చక్కని ఏర్పాటుకు చేరుకుంది. తెర పై అంచున ఒక పట్టీ, దాని ఎడమ కొసన అప్లికేషన్స్, ప్లేసెస్, సిస్టమ్ అని మూడు మెనూలు. పనిముట్లు మొదటిదానిలో, కాగితాలున్న చోట్లు రెండవదానిలో, యంత్రం అమరికలు మూడవదానిలో ఉండేవి. నేను చూసినంతలో ఇంతకన్నా స్పష్టమైన విభజన మరొకటి లేదు. విండోస్ స్టార్ట్ మెనూ ఈ మూడింటినీ ఒకే చోట కుక్కింది. మెకింతోష్ అసలు ఇలాంటి వర్గాల జాబితానే ఇవ్వలేదు.

ఇక్కడ చెన్నై గురించి ఒక మాట చెప్పకపోతే బాగుండదు. కేంద్ర ప్రభుత్వ కంప్యూటర్ పరిశోధన సంస్థ సీడాక్ చెన్నై కేంద్రం, డెబియన్ అనే లినక్స్ రకం ఆధారంగా తయారుచేసిన బాస్ లినక్స్ 2007లో వెలువడింది. తెలుగుతో సహా అనేక భారతీయ భాషలలో పనిచేసేటట్టు దాన్ని రూపొందించారు. 2011 సెప్టెంబరులో మొదలైన తమిళనాడు ప్రభుత్వ ఉచిత ల్యాప్‌టాప్ పథకం వల్ల అది విండోస్ పక్కనే కూర్చుని ఎందరో విద్యార్థుల ఇళ్లకు చేరింది. మా పెద్దనాన్న కంప్యూటరు నేర్చుకున్నది అంతకు ముందే, ఆ బాస్ లినక్స్ మీదే. ఆ రోజుల్లో దానిలో ఉన్నది గ్నోమ్ 2 కనుక, ఆ మూడు మెనూలే ఆయనకు కంప్యూటరు. అందులో ఇంతకుముందు ఏముండేదో, ఇతర యంత్రాలు ఎలా ఉంటాయో ఆయనకు తెలియదు, తెలుసుకోవలసిన అవసరం కూడా లేకపోయింది. తరువాత నేను ఆయన యంత్రాన్ని డెబియన్‌కు మార్చినప్పుడు కూడా మెనూలు అవే కనుక, మార్పు జరిగినట్టు ఆయన గమనించలేదు.

ఆ తరువాత పద్దెనిమిది నెలల వ్యవధిలో మెనూల మీద ఒక గాలివాన వచ్చిపోయింది. 2011 ఏప్రిల్‌లో గ్నోమ్ 3 వెలువడింది. అదే నెలలో ఉబుంటు అనే మరొక లినక్స్ రకం తన 11.04 వెర్షన్‌తో యూనిటీ తెరను అందరి ముందూ పెట్టింది. 2012 అక్టోబరు 26న విండోస్ 8 స్టార్ట్ బొత్తామునే తీసేసి తెరనిండా పలకలు పరిచింది. ముగ్గురూ ఇంచుమించు ఒకే నిర్ణయానికి వచ్చారు. వేలితో తాకే తెరలు వస్తున్నాయి, జాబితాల కాలం పోయింది, ఇక పెద్ద బొమ్మలూ వెతుకులాటా చాలునన్నది ఆ నిర్ణయం.

మా పెద్దనాన్న ఇంట్లో ఆ గాలివాన 2013లో, డెబియన్ 7 రూపంలో వచ్చింది. ఆయన రోజూ చేసే పనినే మొదలుపెట్టారు. మౌసును ఎడమ పై మూలకు తోశారు, ఎందుకంటే అప్లికేషన్స్ అక్కడ ఉండేది. కొత్త గ్నోమ్‌లో ఆ మూలకు బాణం తగలగానే, నొక్కకుండానే, తెర మీద ఉన్న కిటికీలన్నీ ఒక్కసారిగా చిన్నవై చెల్లాచెదురుగా పక్కకు జరుగుతాయి. ఆయన చేతిని వెనక్కు లాక్కున్నారు. మళ్లీ మెల్లగా అదే మూలకు తీసుకెళ్లారు; కిటికీలు మళ్లీ చెదిరాయి. "ఏరా, నేనేమీ నొక్కలేదురా, ఇది తనంతట తానే ఎగిరిపోతోంది" అన్నారు. ఆ రోజు ఆయన తెరవాలనుకున్నది స్కానరు. స్కానరుకు ఐకాన్ ఏదీ తెర మీద లేదు. పేరు టైపు చేయండి అంటే, "పేరు నాకేం తెలుసు? గ్రాఫిక్స్ కింద రెండోదో మూడోదో కదా ఉండేది" అన్నారు.

చోటు తీసేసినా ఒక విధంగా సరిపెట్టుకోవచ్చు. అదే చోటును మరొక పనికి వాడుకుంటే, ఏళ్ల తరబడి చేతికి వచ్చిన కదలిక ప్రతిసారీ ఎదురు తిరుగుతుంది. గ్నోమ్ రూపకర్తలకు దురుద్దేశం ఉందని నేను అనను. తెర మూల అనేది మౌసుకు అత్యంత సులభంగా అందే చోటు కనుక వారూ దాన్నే ఎంచుకున్నారు. పాతవారూ దాన్నే ఎంచుకోవడానికి కారణం కూడా అదే.

మెనూ తొలగింపును సమర్థించేవారు చెప్పే మాటలలో గట్టిది ఒకటుంది. విండోస్ 8 తయారవుతున్న రోజుల్లో మైక్రోసాఫ్ట్ కూడా ఇదే తరహా వాదన చేసింది. జనం తరచుగా వాడే ప్రోగ్రాములను కింది పట్టీ మీదనే పిన్ చేసుకుంటున్నారు, స్టార్ట్ మెనూను తెరవడం తగ్గించారు, కాబట్టి దాని ప్రాధాన్యం తగ్గిందని వారి లెక్క. లెక్క నిజమే కావచ్చు. దాని నుంచి తీసిన తీర్పును నేను ఒప్పుకోను. రోజూ వాడే బ్రౌజరూ, ఉత్తరాలు రాసే రైటరూ పట్టీ మీదే ఉంటాయి. వాటికి మెనూ అక్కర లేదు. మూడు నెలలకో ఆరు నెలలకో ఒకసారి వాడేవాటికే మెనూ అవసరం. నవంబరులో లైఫ్ సర్టిఫికెట్ కాగితాన్ని స్కాన్ చేయడానికి, మనవరాలి ఫొటోను పాస్‌పోర్టు పరిమాణానికి కత్తిరించడానికి, ప్రింటరు వరుసలో ఇరుక్కుపోయిన కాగితాన్ని రద్దు చేయడానికి మనిషి మెనూ దగ్గరకు వెళతాడు. తక్కువసార్లు తెరిచినంత మాత్రాన అక్కరకు రానిదని తేల్చడం, లెక్కలు రాసేవాడిగా నాకు మింగుడుపడని తర్కం. ఏడాదికి ఒకే ఒకసారి తీసే దస్త్రాలు మా వృత్తిలో బోలెడు. వాటిని పారేయమని ఏ ఆడిటరూ చెప్పడు.

వెతుకులాట సంగతి. గ్రంథాలయాలు రెండు రకాలుగా ఉంటాయి. కొన్నిటిలో పుస్తకం పేరు చీటీ మీద రాసిస్తే లోపలి నుంచి తెచ్చి ఇస్తారు. కొన్నిటిలో అరల మధ్య తిరగనిస్తారు. పేరు తెలిసినవాడికి మొదటిదే వేగం. పేరు తెలియనివాడు మొదటిదానిలో గుమ్మం దగ్గరే ఆగిపోతాడు. పైగా సాఫ్ట్‌వేరు పేర్లు, దాని పని ఏమిటో సూచించే అలవాటు ఎప్పుడూ లేనివి. గ్నోమ్‌లో పీడీఎఫ్ చూపే ప్రోగ్రాము చాలాకాలం ఎవిన్స్, ఫైళ్లు చూపేది నాటిలస్. గ్నోమ్ 2ను కొనసాగించడానికి పుట్టిన మాటే (MATE) అనే డెస్క్‌టాప్‌లో పరిస్థితి మరీ విచిత్రం. పాత పేర్లు గ్నోమ్ 3 ప్యాకేజీలతో ఢీకొంటాయని, ఫైళ్లు చూపేదాన్ని కాజా అనీ, పీడీఎఫ్ చూపేదాన్ని ఆట్రిల్ అనీ, అక్షరాలు దిద్దేదాన్ని ప్లూమా అనీ స్పానిష్ పేర్లతో మార్చేశారు. వాటిని కంఠస్థం చేయమని విల్లివాక్కంలో ఒక పింఛనుదారుకు ఎవరు చెబుతారు? మెనూలో అయితే ఆ బాధ లేదు. ఆఫీస్ అనే వర్గం కింద, కాగితం బొమ్మ పక్కన, "డాక్యుమెంట్ వ్యూయర్" అన్న మాట కనిపిస్తే చాలు.

ఈ మాట అన్నప్పుడల్లా మా మేనల్లుడు నవ్వుతాడు. అతను ఓఎంఆర్ రోడ్డులో ఒక సాఫ్ట్‌వేర్ కార్యాలయంలో పనిచేస్తాడు. "మామయ్యా, పేరే కొట్టనక్కర లేదు, స్కాన్ అని కొడితే చాలు, అదే పట్టుకుంటుంది" అంటాడు. నిజమే, ప్రోగ్రాము వివరాలలో కీలక పదాలు రాసి ఉంటాయి, వెతుకులాట వాటిని కూడా చూస్తుంది. కానీ దానికి ముందు మనసులో ఆ మాట తట్టాలి, అది కీలక పదాలు రాసినవాడికి తట్టిన మాటే కావాలి, కీబోర్డు ఆ క్షణంలో సరైన లిపిలో ఉండాలి. పెద్దనాన్న తెలుగులో ఉత్తరాలు టైపు చేస్తూ చేస్తూ వెతుకులాట తెరిస్తే, కీబోర్డు ఇంకా తెలుగులోనే ఉంటుంది. ఆయన ఇంగ్లీషు అక్షరాల మీద వేళ్లు పెట్టి కొట్టిందంతా తెర మీద అర్థం లేని తెలుగు అక్షరాల గుంపుగా పడుతుంది. రెండు భాషలలో టైపు చేసే తెలుగువారికి ఇది రోజువారీ అనుభవం. మౌసుతో తెరిచే మెనూకు లిపితో నిమిత్తం లేదు. మా మేనల్లుడి యంత్రంలో మెనూ లేకపోవడం అతనికి లోటు కాదు, నేను అతనికి మెనూ అమ్మజూపడం లేదు. అతని సౌకర్యం పెద్దనాన్నకు నియమం కాకూడదన్నంతవరకే నా మాట.

పాతదంతా బంగారమని కూడా నేను అనడం లేదు. విండోస్ 95 నుంచి వచ్చిన ప్రోగ్రామ్స్ జాబితా త్వరలోనే ఒక చెత్తకుప్ప అయింది. ప్రతి సంస్థా తన పేరుతో ఒక ఫోల్డర్, దానిలో ప్రోగ్రాముతోపాటు ఒక రీడ్‌మీ, ఒక అన్‌ఇన్‌స్టాల్, సంస్థ వెబ్‌సైటుకు ఒక లంకె పెట్టుకుపోయేది. ఏం పని చేయాలన్నది వదిలేసి ఎవరు అమ్మారన్నదాని ప్రకారం అమర్చిన జాబితా అది. ఆపైన ఒకదాని పక్కన ఒకటి విచ్చుకునే మెనూలు ఉన్నాయి. చేయి కొంచెం వణికితే మూడవ అంతస్తుకు చేరేలోపు మొత్తం మూసుకుపోతుంది. దాన్ని ఎవరైనా తిరిగి కావాలంటే ఇచ్చేస్తాను కానీ, నా యంత్రంలో పెట్టుకోను.

ఇక పేచీ ఉందన్నాను కదా, అది ఇదీ. పాత మెనూ కావాలన్నవారిలో ఎక్కువమంది, కొత్త తెర మీదే పైన ఒక అతుకు వేసి పని కానిస్తారు. అది కొన్నాళ్లు బ్రహ్మాండంగా ఉంటుంది. విండోస్ మీద అలాంటి అతుకులలో అందరికన్నా పేరు తెచ్చుకున్నది ఐవో బెల్చెవ్ రాసిన క్లాసిక్ షెల్. షావుకారుపేటలో నేను చూసే దుకాణాలలో విండోస్ 8 యంత్రాలన్నిటిలో అదే ఉండేది. దాన్ని వేయగానే గుమస్తాల ముఖాలు తేటపడటం నాకు గుర్తుంది. 2017 డిసెంబరులో ఆయన దాని అభివృద్ధిని ఆపేస్తున్నట్టు ప్రకటించారు. తీరిక లేకపోవడంతోపాటు, విండోస్ 10 ఏడాదికి రెండుసార్లు మారుతూ ప్రతిసారీ క్లాసిక్ షెల్‌ను ఎక్కడో ఒకచోట విరగ్గొడుతోందన్నది ఆయన చెప్పిన కారణాలలో ఒకటి. సోర్స్ కోడ్‌ను అందరికీ వదిలిపెట్టారు కనుక, ఇతరులు దాన్ని ఓపెన్ షెల్ పేరుతో నడుపుతున్నారు. అది మెచ్చుకోదగ్గ పనే. కానీ ఇంటి యజమానికి ఇష్టం లేని చోట గోడకు మేకు కొట్టుకున్న అద్దెదారు పరిస్థితి దానిది, ఎప్పుడు సున్నం వేస్తారో ఎప్పుడు మేకు పీకుతారో తెలియదు.

లినక్స్‌లో కూడా ఇదే కథ. గ్నోమ్ మీద మెనూను తిరిగి తెచ్చే ఎక్స్‌టెన్షన్లు, అంటే పైన తగిలించే చిన్న ప్రోగ్రాములు, చాలా ఉన్నాయి, కొన్ని చూడ ముచ్చటైనవి. గ్నోమ్ ఏడాదికి రెండుసార్లు, మార్చిలోనూ సెప్టెంబరులోనూ కొత్త వెర్షన్ తెస్తుంది. 2023 సెప్టెంబరులో వచ్చిన గ్నోమ్ 45లో, ఎక్స్‌టెన్షన్లు తమకు కావలసిన భాగాలను తెచ్చుకునే పద్ధతినే మార్చారు. దాంతో అంతకు ముందు రాసిన ఎక్స్‌టెన్షన్లన్నిటినీ తిరగరాయవలసి వచ్చింది. తిరగరాసే ఓపిక ఉన్న రచయిత దొరికితే మెనూ ఉంటుంది, లేకపోతే అప్‌డేట్ అయిన మర్నాడు ఉదయం ఉండదు. లినక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ 2011లో గ్నోమ్ 3ను తీవ్రంగా విమర్శించి ఎక్స్‌ఎఫ్‌సీఈ అనే మరో డెస్క్‌టాప్‌కు మారారు, 2013 నాటికి ఎక్స్‌టెన్షన్ల సాయంతో మళ్లీ గ్నోమ్‌కు వచ్చారు. దాన్ని చూపించి ఎక్స్‌టెన్షన్లు చాలునని వాదించేవారున్నారు. ఎక్స్‌టెన్షన్ విరిగితే తానే తెరిచి సరిచేసుకోగలవాడి ఉదాహరణ, విరిగితే నాకు ఫోను చేసేవారికి వర్తించదు.

కాబట్టి నా నియమం సులువైనది. మెనూ ఎవరి సొంత వస్తువో వారి దగ్గరే తీసుకోవాలి. గ్నోమ్ లోపలే ఉండదలచినవారికి, 2013 మార్చిలో వచ్చిన గ్నోమ్ 3.8తో మొదలైన గ్నోమ్ క్లాసిక్ ఉంది. అది కూడా ఎక్స్‌టెన్షన్ల కూర్పే అయినా, గ్నోమ్ వారే ప్రతి వెర్షన్‌తోపాటు నడుపుతున్నారు కనుక దాన్ని నమ్మవచ్చు. లాగిన్ తెర మీద పళ్ల చక్రం గుర్తును నొక్కి దాన్ని ఎంచుకుంటే, అప్లికేషన్స్, ప్లేసెస్ మెనూలు పైకి వస్తాయి. కేడీఈ ప్లాస్మా అనే మరో డెస్క్‌టాప్‌లో అయితే మెనూ బొత్తాము మీద రైట్ క్లిక్ చేసి ప్రత్యామ్నాయాలు చూపమంటే, వర్గాలుగా విచ్చుకునే పాత తరహా మెనూ కూడా ఆ వరుసలోనే ఉంటుంది. లినక్స్ మింట్ వారు గ్నోమ్ 3 వచ్చిన ఏడాదే తమ సొంత దారి వెతుక్కుని సినమన్ అనే డెస్క్‌టాప్ తయారుచేసుకున్నారు. విండోస్ నుంచి వచ్చేవారికి నేను ఎక్కువగా దాన్నే వేసిస్తాను.

పెద్దనాన్నకు మాత్రం మాటే డెస్క్‌టాప్‌నే పెట్టాను. 2011లో గ్నోమ్ 2ను వదలలేక అర్జెంటీనాకు చెందిన ఒక ఆర్చ్ లినక్స్ వాడుకరి మొదలుపెట్టిన ఈ డెస్క్‌టాప్, డెబియన్‌లో 8వ వెర్షన్ నాటికి, అంటే 2015 ఏప్రిల్‌కు అందుబాటులోకి వచ్చింది. 2013 నుంచి అప్పటిదాకా ఆ రెండేళ్లూ ఆయన యంత్రాన్ని డెబియన్ 7లోని ఫాల్‌బ్యాక్ (పాత తరహా పట్టీ, మెనూలు చూపే) పద్ధతి మీద నెట్టుకొచ్చాను. దానిలో పై పట్టీని మార్చాలంటే ఆల్ట్ మీట పట్టుకుని రైట్ క్లిక్ చేయాలి. ఆ సంగతి తెర మీద ఎక్కడా రాసి ఉండదు. పొరపాటున చేయి తగిలి పట్టీ చెదిరిపోకుండా ఉండటానికి అది మంచిదేనని తరువాత నాకనిపించింది, కానీ అలాంటి రహస్య తాళాలతో మనిషిని ఎంతకాలం నెట్టగలం? మాటే వచ్చాక, పట్టీ మీద రైట్ క్లిక్ చేసి, చేర్చవలసినవాటి జాబితాలో మెనూ బార్ అన్నదాన్ని ఎంచుకోగానే, మూడు మెనూలూ ఎడమ పై మూలకు వచ్చి కూర్చున్నాయి. అదే జాబితాలో మెయిన్ మెనూ అని ఇంకొకటి ఉండేది. అది అన్నిటినీ ఒకే బొత్తాము కింద పెడుతుంది. ఉబుంటు మాటే వాడేవారికి మాటే ట్వీక్ అనే పనిముట్టులో మొత్తం పట్టీల అమరికను ఒక్క నొక్కుతో మార్చే సౌకర్యం ఉంది. ట్రెడిషనల్ అన్నది మూడు మెనూలది. ఫెమిలియర్ అన్నదానిలో వాటి స్థానంలో అన్నీ ఒకే బొత్తాము కింద ఉండే బ్రిస్క్ మెనూ ఉంటుంది. రెడ్‌మండ్ అన్నది విండోస్‌ను పోలి ఉంటుంది.

ఆ రెడ్‌మండ్ తరహా వేషాల మీద నాకు నమ్మకం లేదు. రిచ్చీ స్ట్రీట్‌లో సెకండ్‌హ్యాండ్ ల్యాప్‌టాప్‌లు అమ్మే దుకాణంలో నెల్లూరు కుర్రాడొకడు, "విండోస్ మాదిరే కొట్టొచ్చినట్టు చేసిస్తాను సార్, కస్టమర్‌కి తేడానే తెలీదు" అని నాతో గర్వంగా అన్నాడు. చిక్కంతా తేడా తెలియకపోవడంలోనే ఉంది. గోడబొమ్మ, ఐకాన్లు, బొత్తాము అన్నీ విండోస్‌లా ఉంటే, మనిషి తరువాతి అడుగు కంట్రోల్ ప్యానెల్ కోసం వెతకడం, ఆ తరువాతది డౌన్‌లోడ్ చేసిన ఈఎక్స్‌ఈ ఫైలు మీద డబుల్ క్లిక్ చేయడం. రెండూ జరగవు కనుక యంత్రం పాడైందనుకుంటాడు. వర్గాల ప్రకారం అమర్చిన జాబితా ఏ యంత్రంలోనైనా పనికివస్తుంది, దాన్ని ఇవ్వాలి. రంగూ రూపూ వేరుగా ఉండనిస్తే, ఇది వేరే యంత్రమన్న సంగతి కూడా కంటికి తెలుస్తూ ఉంటుంది.

మెనూ వచ్చాక దాన్ని మన చేతికి అమర్చుకోవడం అసలు ఆనందం. దీని వెనుక యంత్రాంగం ఎంత నిరాడంబరమో చూస్తే ముచ్చటేస్తుంది. లినక్స్‌లో ప్రతి ప్రోగ్రాముకూ ఒక చిన్న అక్షరాల ఫైలు ఉంటుంది. దాని పేరు చివర డాట్ డెస్క్‌టాప్ అని ఉంటుంది. పేరు ఏమిటి, ఏ ఆదేశంతో నడుస్తుంది, ఏ ఐకాన్, ఏ వర్గాలకు చెందుతుంది అన్న వివరాలు అందులో వరుసగా ఉంటాయి. ఫ్రీడెస్క్‌టాప్ అనే ఉమ్మడి వేదిక ఈ పద్ధతిని నిర్దేశించింది కనుక, గ్నోమ్, కేడీఈ, ఎక్స్‌ఎఫ్‌సీఈ, మాటే అన్నీ అవే ఫైళ్లను చదివి తమ తమ మెనూలు కట్టుకుంటాయి. యంత్రం మొత్తానికి సంబంధించిన ఫైళ్లు ఒక చోట ఉంటాయి. వాడుకరి తన ఇంటి ఫోల్డరులో అదే పేరుతో సొంత నకలు పెట్టుకుంటే, మెనూ ఆ నకలునే గౌరవిస్తుంది. అసలు ఫైలును ముట్టుకోనక్కర లేదు కనుక, అప్‌డేట్‌లు వచ్చినా మన దిద్దుబాటు చెరిగిపోదు.

పెద్దనాన్న మెనూను నేను ఇలాగే దిద్దాను. పేరు వరుస కింద తెలుగు భాషా సంకేతంతో మరొక పేరు వరుస చేరిస్తే, యంత్రం తెలుగులో నడుస్తున్నప్పుడు ఆ పేరే కనిపిస్తుంది. స్కానరు ఇప్పుడు "కాగితం స్కాన్ చేయడం" అన్న పేరుతో ఉంది. ఆట్రిల్ "పీడీఎఫ్ చూడటం" అయింది. ఆఫీస్ వర్గంలో "పింఛను కాగితాలు" అని ఒక కొత్త అంశం చేర్చాను; అది ప్రోగ్రాము కాదు, కాజాను ఆ ఫోల్డరు దగ్గర తెరిచే ఒక ఆదేశం మాత్రమే. ఆయన ఎన్నడూ తెరవని టెర్మినల్, అక్షరాల పట్టిక, ఇంకా అలాంటివి కొన్ని కనిపించకుండా దాచేశాను. దీనికి మోజో అనే మెనూ ఎడిటర్ ఉంది, పేరు ముందున్న టిక్కు తీసేస్తే అంశం దాగిపోతుంది. నాకు మాత్రం ఫైలునే తెరిచి దిద్దడం తేలిక. ఒక్క ఆదివారం మధ్యాహ్నం పని. మర్నాడు ఆయన ఫోను చేసి, "గేమ్స్ ఎందుకురా తీసేశావు, పేకాట ఉండేది" అన్నారు. దాన్ని తిరిగి పెట్టాను.

స్కానరుకూ ఆట్రిల్‌కూ ఆ పేర్లు పెట్టేటప్పుడు, వస్తువును కాకుండా పనిని పేరుగా పెట్టడం ఆయన సూచనే. "స్కానర్ అంటే ఆ డబ్బా కదరా, నాకు కావలసింది స్కాన్ చేయడం" అన్నారు. చాలామంది రూపకర్తలు జీతం తీసుకుని చేయవలసిన ఆలోచన ఇది.

ఇంత చెప్పాక, మాటే భవిష్యత్తు గురించి నాకు బెంగ లేదంటే అబద్ధమవుతుంది. అది కొద్దిమంది నడిపే పని. కొత్త వెర్షన్లు నెమ్మదిగా వస్తాయి, 1.28 వచ్చింది 2024 తొలినాళ్లలో. ఈలోగా లినక్స్ లోకం, తెర మీద కిటికీలను చూపించే ఎక్స్11 అనే పాత పునాది నుంచి వేలాండ్ అనే కొత్త పునాదికి మారుతోంది. గ్నోమ్ 2025 సెప్టెంబరులో వచ్చిన 49వ వెర్షన్‌లో ఎక్స్11 సెషన్‌ను మామూలుగా కనిపించకుండా చేసింది. మాటే ఆ మార్పును ఇంకా పూర్తిగా అందుకోలేదు. ఎక్స్‌ఎఫ్‌సీఈ 2024 డిసెంబరులో వచ్చిన 4.20లో వేలాండ్‌కు ప్రయోగాత్మకంగా మద్దతు మొదలుపెట్టింది. ప్రస్తుతం పెద్దనాన్న యంత్రం డెబియన్ 13 మీద, మాటేతోనే ఉంది, కాబట్టి కొన్నేళ్లు తొందర లేదు. ఆ తరువాత మాటే వెనుకబడితే ఎక్స్‌ఎఫ్‌సీఈకి మారుస్తాను. అక్కడ పట్టీ మామూలుగానే తెర పై అంచున, అప్లికేషన్స్ మెనూ దాని ఎడమ కొసన ఉంటాయి; ప్లేసెస్ మెనూ కోసం విడి ప్లగిన్ చేర్చాలి. తెలుగు పేర్లున్న డాట్ డెస్క్‌టాప్ ఫైళ్లు ఇంటి ఫోల్డరులోనే ఉన్నాయి కనుక, "పింఛను కాగితాలు", "కాగితం స్కాన్ చేయడం", పేకాట అక్కడ కూడా తమ వర్గాలలోనే కనిపిస్తాయి. సిస్టమ్ మెనూ మాత్రం అక్కడ విడిగా ఉండదు, అప్లికేషన్స్ లోపలే సెట్టింగ్స్ అనే వర్గంగా ఉంటుంది. ఆ ఒక్క మార్పు గురించి ఆయనకు ముందే చెప్పి ఉంచాను.